పదహారో సంతకం

మార్చి 3

లిఫ్టు వస్తుంది. పదహారు ఇళ్ళలో పదిహేను సంతకాలు ఒక్క సాయంత్రంలో పడ్డాయి. పదహారోది కింద టైలరమ్మది. అదీ పడుతుంది.

ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి మెట్ల దగ్గర నిలబడి అందరికీ వివరంగా చెప్పింది. ముప్పై ఏళ్ళు దాటిన బిల్డింగులు, లిఫ్టు లేనివి, సగానికి పైగా అరవై దాటినవాళ్ళు ఉండేవి, అలాంటివి ఒక నలభై ఎంచుకుని నగరపాలక సంస్థే లిఫ్టు పెట్టిస్తుందట. షరతు ఒక్కటే. ఇంటి యజమానులందరూ సంతకం పెట్టాలి. ఒక్కరు కాదన్నా కాగితం వెనక్కి పోతుంది. గడువు ఈ నెలాఖరు.

దరఖాస్తు రాసింది నేనే. ఈ బిల్డింగులో ఏ కాగితమైనా సిస్టరమ్మే రాయాలి, నేను నర్సు ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్ళయినా ఆ పేరు వదల్లేదు. 'అత్యవసరం ఉన్న వ్యక్తి' అనే గడిలో మా ఆయన పేరు రాశాను. పక్షవాతం, కుడికాలు, మూడో అంతస్తు, పద్నాలుగు నెలలుగా కిందకి దిగలేదు. పైకి చదివితే అందరూ అయ్యో అన్నారు. టైలరమ్మ కూడా అంది. అని, "ఆలోచిస్తానక్కా" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆలోచించడానికేముంది ఇందులో?

మార్చి 5

యాభై నాలుగు మెట్లు. పాలూ కూరగాయలూ ఒకేసారి తెచ్చాను, సంచీ బరువైపోయింది. రెండో అంతస్తులో పెద్దాయన కనిపిస్తే కాసేపు మాట్లాడాను.

మార్చి 8

టైలరమ్మ ఇంకా ఆలోచిస్తోంది. విషయం ఏమిటంటే లిఫ్టు లేపేది ముందు గోడకి. వెనక మురుగు గొట్టాలు, పక్కన ఆనుకుని ఇంకో బిల్డింగు. మిగిలింది ముందు గోడే. అక్కడే ఆమె కిటికీ. కిటికీ పక్కనే మిషను.

మధ్యాహ్నం నేనే వెళ్ళాను. ఎవరిదో నల్లకోటు ఒళ్ళో వేసుకుని, ముక్కు గుడ్డకి ఆనేంత వంగి కుడుతోంది.

"నల్లగుడ్డ ఎండ ఉన్నప్పుడే కుట్టుకోవాలక్కా" అంది తలెత్తకుండా.

"రెండు ట్యూబులైట్లు ఉచితంగా పెట్టిస్తామంటున్నారుగా."

"ట్యూబులైటు కింద నలుపూ నీలమూ ఒకటే."

ఆపరేషన్ థియేటర్లో ఎండ ఎక్కడిది? దీపాల కింద మనుషుల్నే కుట్టాం మేము, గుడ్డ కుట్టలేరా? అదే అన్నాను. ఆమె నవ్వి సూదికి దారం ఎక్కించుకుంది. తర్వాత అడిగింది, "అన్నయ్య దిగుతానన్నాడా?"

"దిగక?"

"అడిగావా?"

"నలభై రెండేళ్ళ సంసారం. అడగాలా?" అన్నాను.

ఆమె తల వంచుకుని మిషను తొక్కడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళని వెళ్ళమని చెప్పడం ఆమెకి అలా అలవాటు. నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది గానీ ఎంత మొండిదో ఇవాళే తెలిసింది.

మార్చి 9

అడిగాను. ఎందుకడిగానో.

ఆయన కిటికీ దగ్గర పేపరు పట్టుకుని తప్పులు దిద్దుతున్నారు. ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా చేసి రిటైరైన మనిషికి పేపరు చదవడం రాదు, దిద్దడమే వచ్చు.

"ఏవండీ, లిఫ్టు వస్తే దిగుతారు కదా?"

"కింద ఏముందోయ్?"

"పార్కు ఉంది."

"పార్కు ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది" అని పెన్సిలుతో చూపించారు. పెన్సిలు దించి, "నీకు సుఖంగా ఉంటుందంటే కట్టించు" అన్నారు.

"నాకెందుకూ, నేను శుభ్రంగా ఉన్నాను" అన్నాను.

ఆయన మళ్ళీ పేపర్లో తల దూర్చారు. బాధలో ఉన్న మనిషికి ఆశ పెట్టుకోవడం భయం. అందుకే కింద ఏముంది అంటారు. వార్డులో ఇలాంటివాళ్ళని వందమందిని చూశాను. ఆయన దిగుతారు. ఒకసారి లిఫ్టు ఎక్కిస్తే ఆయనే దిగుతారు.

మార్చి 11

లిఫ్టు పథకం నిబంధనల పుస్తకం మొత్తం చదివాను, నలభై పేజీలు. తొమ్మిదో నిబంధన: ఇంటిని వ్యాపారానికి వాడుకుంటున్న యజమాని సమ్మతి లెక్కలోకి రాదు.

మూడుసార్లు చదివాను.

మార్చి 12

ఉత్తరం పోస్టు చేశాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

మార్చి 13

నిజంగానే ఒక్కటీ లేదు. కింద ముందు వాటాలో బట్టలు కుడతారు. కుట్టించుకోవడానికి మనుషులు వస్తారు. గుమ్మంలో బట్టలు వేలాడతాయి. పగలంతా మిషను చప్పుడు. ఇంతే రాశాను. ఆమెని ఏమైనా చెయ్యమని రాయలేదు, ఆమె సమ్మతి అవసరమో కాదో తేల్చమన్నాను. తేల్చడం వాళ్ళ పని. ఒక మనిషి కిటికీ కోసం తొమ్మిదిమంది ముసలివాళ్ళు జన్మంతా మెట్లెక్కాలా? ఇందులో పాపం ఏముందో ఎవరైనా చెప్పమనండి. పైగా నేను ఇది నా కోసం చేస్తున్నది కాదు.

మొదటి అంతస్తులో చెప్పు పట్టీ ఊడితే ఆగి పెట్టుకున్నాను. పైన జుట్టు ముడి విప్పుకుని మళ్ళీ వేసుకున్నాను. ఆలస్యమైందేం అని ఆయన అడిగితే బజార్లో రద్దీ అన్నాను.

మార్చి 16

కుడి మోకాలు కాస్త వాచింది. వాతావరణం.

మార్చి 19

టైలరమ్మ ఎప్పట్లాగే పలకరిస్తోంది. "సంతకం సంగతి ఇంకా తేల్చుకోలేదక్కా, ఏమీ అనుకోకు" అంది. నాకు ఆమె మొహంలోకి చూడాలంటే ముఖం చెల్లడం లేదు. ఎందుకు చెల్లదో, నేనేం చేశానని.

ఇవాళ మెట్ల మీద పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఆపరేషనైనవాళ్ళని నొప్పి ఉందా అని అడిగితే, లేదు సిస్టర్, బాగానే ఉంది అనేవాళ్ళు. దుప్పటి గుప్పిట్లో బిగించి పట్టుకుని మరీ. నేను వాళ్ళ మాట వినేదాన్ని కాదు. గుప్పిట చూసి చార్టులో నొప్పి ఉంది అని రాసేదాన్ని. ఇది ఎందుకు గుర్తొచ్చిందో. రెయిలింగు పట్టుకుని ఉన్నాను అప్పుడు.

మార్చి 21

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఇంత వేగంగా కదిలిన కాగితం చూడలేదు. తొమ్మిది రోజుల్లో నోటీసు వచ్చేసింది. నాకు కాదు, ఆమెకి.

పొద్దున తలుపు తడితే తీశాను. టైలరమ్మ. మూడు అంతస్తులూ గబగబా ఎక్కి వచ్చింది, ఆయాసమైనా లేదు. చేతిలో కాగితం.

"అక్కా, ఇదేమిటో చదివి చెప్పు. నాకు ఈ ఆఫీసు భాష అర్థం కాదు."

చదివాను. నివాస గృహంలో వ్యాపారం సాగిస్తున్నట్టు ఫిర్యాదు అందింది. పదిహేను రోజుల్లో ఆపాలి, ఆపకపోతే మిషను స్వాధీనం చేసుకుంటారు. లిఫ్టు మాట ఒక్కటీ లేదు. నేను లిఫ్టు గురించి రాస్తే వీళ్ళు మిషను గురించి రాశారు.

"ఎవరో ఫిర్యాదు చేశారంట" అంది.

"ఎవరు?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎలా వచ్చిందో నాకు తెలీదు.

"ఎవరైతేనేంలే. కళ్ళలో నిప్పులు పోసుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. నువ్వు జవాబు రాసిపెట్టక్కా. నీ రాత చూస్తే ఆఫీసువాళ్ళు దారికొస్తారు."

కూర్చోబెట్టి టీ ఇచ్చాను. జవాబు రాశాను. బోర్డు లేదు, పనివాళ్ళు లేరు, ఒక మనిషి ఒక మిషను, ఇరవై రెండేళ్ళుగా ఇదే బతుకుతెరువు, ఇది దుకాణం కాదు ఇల్లు అని రాశాను. మిషను చప్పుడు వల్ల ఇరుగుపొరుగుకి ఏ ఇబ్బందీ లేదని కూడా రాశాను. బాగా కుదిరింది. ఆమె సంతకం పెట్టి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని వెళ్ళింది.

ఆయన కిటికీ దగ్గరే ఉన్నారు. చేతిలో పేపరు అలాగే ఉంది, పెన్సిలు మాత్రం కదలడం లేదు.

మార్చి 22

ఇవాళ అడిగారు. అన్నం తింటుండగా.

"ఆ ఫిర్యాదు నువ్వేనా?"

నేను ఆయన కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించాను.

"పన్నెండో తారీఖున పోస్టు డబ్బా దాకా వెళ్ళావు. కిటికీలోంచి చూశాను. ఇన్నేళ్ళలో నాకు చూపించకుండా నువ్వు వేసిన ఉత్తరం లేదు."

"మీ కోసమే కదా" అన్నాను.

"నా పేరు ఆ గడిలోంచి కొట్టెయ్యి" అన్నారు. కోపంగా కాదు. పేపర్లో తప్పు చూపించినట్టే అన్నారు. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండింది. గిన్నెలు గట్టిగా తోమాను. ఆ కుర్చీలోంచి కదలని మనిషికి మెట్ల సంగతి ఏం తెలుసు? సంచీలు ఎవరు మోస్తున్నారు, మందులు ఎవరు తెస్తున్నారు, ఎవరు రోజుకి రెండుసార్లు ఎక్కి దిగుతున్నారు?

పైన రాసింది కొట్టెయ్యాలనిపించింది, రాసేశాను కాబట్టి ఉంచుతున్నాను.

మార్చి 23

దిగలేదు. ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టాను.

మార్చి 25

ఆఫీసుకి వెళ్ళాను. వయోవృద్ధుల వసతి విభాగం రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది, బాగుచేస్తున్నారట. ముందు నవ్వొచ్చింది, పదో మెట్టు దగ్గర ఆగిపోయింది నవ్వు.

ఇంజనీరమ్మాయి ఫైలు తీసింది. ఫిర్యాదూ, దానికి జవాబూ ఒకదాని మీద ఒకటి కుట్టి ఉన్నాయి. రెండింటినీ తిప్పి తిప్పి చూసి, "రెండూ మీ చేతిరాతేనా అమ్మా?" అంది.

"రెండూ నేనే."

చచ్చేంత సిగ్గేసింది. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు, అది ఆమె మర్యాద.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను."

"తీసుకోవచ్చు. నోటీసు ఇవాళే రద్దు చేయిస్తాను. కానీ అప్పుడు ఆవిడ సంతకం కావాలి. లేకపోతే మీ బిల్డింగు పోతుంది. తీసుకోకపోతే ఆవిడ సంతకం అక్కర్లేదు, మీ బిల్డింగు లిస్టులో ఖాయం, ముప్పై ఏడో నంబరు."

"ఆమె మిషను ఏమవుతుంది?"

"అది వేరే విభాగం అమ్మా" అంది.

ముప్పై ఏడు. చాలాసేపు కూర్చున్నాను అక్కడ. ఆ అమ్మాయి మంచినీళ్ళు తెప్పించింది. నాకు ఆ లిఫ్టు కావాలి. ఎంత కావాలో ఈ పుస్తకంలో కూడా రాయలేదు నేను. ఒక్క సంతకం పెట్టకుండా లేచి ఇంటికెళ్ళిపోతే చాలు, వచ్చేస్తుంది.

వెనక్కి తీసుకున్నట్టు రాసిచ్చాను.

మార్చి 26

ఆమెకి చెప్పేశాను.

మిషను ఆడుతుండగానే గుమ్మంలో నిలబడి చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. "ఆ ఫిర్యాదు రాసింది నేనే. నిన్న వెనక్కి తీసుకున్నాను. నోటీసు రద్దయింది."

మిషను ఆగింది. ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నేను జవాబు రాయమని వచ్చినప్పుడు కూడా నీకు తెలుసా?"

"తెలుసు."

"టీ ఇచ్చావు."

"ఇచ్చాను."

ఆమె సూది కింద ఇరుక్కున్న గుడ్డని మెల్లగా బయటికి లాగింది. దారం తెంపింది. తర్వాత అడిగింది, "ఎవరి కోసం అక్కా ఇదంతా? అన్నయ్య కోసమని మాత్రం అనకు. ఆ మెట్లు నా గోడ పక్కనుంచే పోతాయి. ఎవరు ఎక్కుతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో తెలియడానికి నాకు తలుపు తియ్యక్కర్లేదు. నిరుడు పాట పాడుకుంటూ ఎక్కేదానివి."

నేను పాట పాడేదాన్నా? నాకే గుర్తులేదు.

"నా కోసం" అన్నాను. "మోకాళ్ళు పోయాయి. ఎక్కలేకపోతున్నాను. ఆయనకి కూడా చెప్పలేదు." చెప్పి, గుమ్మానికి ఆనుకుని ఏడ్చాను. ఉద్యోగంలో ఇన్నేళ్ళు ఎందరు పోయినా కన్నీరు రాని మనిషిని, మోకాళ్ళ కోసం ఏడ్చాను. నాకు భయంగా ఉంది. ఏదో ఒకరోజు కింద నిలబడిపోతాను, ఆయన పైన ఒక్కరే ఉంటారు. ఆ భయంతోనే నేను ఇంత పని చేశాను.

ఆమె లేచి వచ్చి నన్ను కూర్చోబెట్టలేదు. ఒళ్ళోని నల్లకోటు ఎత్తి కిటికీ వెలుతుర్లో చూపించింది. "ఈ కుట్టు చూడు."

చూశాను. భుజం దగ్గర తిన్నగా వచ్చిన కుట్టు చంక దగ్గర పక్కకి పోయింది.

"మూడుసార్లు విప్పి కుట్టాను. కంట్లో చుక్కలు వేస్తున్నాను ఏడాదిగా. ఇంకో రెండేళ్ళు కుట్టుకోవచ్చన్నాడు డాక్టరు, పగటి వెలుతురు ఉంటే. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే నాకు బట్టలెవరిస్తారు?"

గుడ్డకి ముక్కు ఆనించి కుడుతుంటే నా కళ్ళారా చూశాను. చూసి కూడా మొండిది అనుకున్నాను. నర్సునట నేను.

"నీ మోకాళ్ళు చూస్తే జాలేస్తోందక్కా. కానీ సంతకం పెట్టను. నీ మోకాళ్ళకి నా కళ్ళు ఇవ్వలేను."

"నేను అడగను" అన్నాను.

"మొదటిరోజే నీ సంగతి చెప్పుంటే నా సంగతీ చెప్పేదాన్ని. ఇద్దరం కలిసి ఆ ఇంజనీరు పిల్లని పట్టుకునేవాళ్ళం, ఇంకో దారి చూడమని. ఇప్పుడు నిన్ను చూస్తే నాకు మాట రావడం లేదు. వెళ్ళు."

వచ్చేశాను. నేను ఎక్కినంతసేపూ కింద మిషను చప్పుడు లేదు. మా తలుపు వేశాక మొదలైంది.

మార్చి 27

ఆయనకి చెప్పాను. "తెలుసు" అన్నారు. నేను గేటు దాటి లోపలికి వచ్చిన దగ్గర్నుంచి తలుపు కొట్టేదాకా ఎంతసేపు పడుతోందో రోజూ చూస్తున్నారట. మరి ఎందుకు అడగలేదంటే, "బాగానే ఉన్నానంటావు. ఆ మాట ఎన్నిసార్లు వినను?" అన్నారు.

అంటే అందరికీ తెలుసు. తెలియకుండా దాచుకున్నది నా ఒక్కదాని దగ్గరే.

మార్చి 31

గడువు అయిపోయింది. సంతకాలు పదిహేను.

ఏప్రిల్ 4

లిస్టు వచ్చింది. మనది లేదు. బిల్డింగులో అందరూ మొహాలు గంటు పెట్టుకున్నారు, అందరి కోపమూ టైలరమ్మ మీదే. రెండో అంతస్తు పెద్దాయన ఆమెని మెట్ల దగ్గరే నిలదీశాడట. ఇవాళ నలుగురిని ఇంటికి పిలిచి చెప్పాను, ఫిర్యాదు సంగతి, వెనక్కి తీసుకున్న సంగతి, అన్నీ. తిట్టాలంటే నన్ను తిట్టమన్నాను. తిట్టారు కూడా. నేను మాట తిప్పలేదు. ఆమె కళ్ళ గురించి మాత్రం చెప్పలేదు, అది నేను చెప్పవలసింది కాదు.

దిగి ఆరు రోజులైంది. పాలు ఎవరో తలుపు దగ్గర పెట్టి వెళ్తున్నారు. కూరగాయలు కూడా. బెల్లు కొట్టడం వినిపిస్తుంది, తీసేసరికి మనిషి మెట్ల మలుపు దిగిపోతుంది. ఎవరో నాకు తెలుసు. ఆ అడుగులు నాకూ తెలుసు ఇప్పుడు.

ఏప్రిల్ 7

ఇంజనీరమ్మాయి ఫోను చేసింది. వచ్చే ఏడాది మళ్ళీ అడగవచ్చట. ముందు గోడ కాకుండా వేరే దారి ఉందేమో చూడమన్నాను. మురుగు గొట్టాలు మార్చాల్సి ఉంటుంది, కష్టం, కానీ కొలిచి చూస్తానంది. ఆ మాట మీద నేను ఆశ పెట్టుకోవడం లేదు. వచ్చే ఏడాదికి మేమెలా ఉంటామో.

రెండో మోకాలు కూడా వాచింది. వాతావరణం కాదు.

ఏప్రిల్ 9

బెల్లు మోగింది. తీసేసరికి ఆమె వెళ్ళిపోలేదు, నిలబడి ఉంది. సంచీ చేతికివ్వకుండా లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన్ని "బాగున్నావా అన్నయ్యా" అని పలకరించింది. నన్ను పలకరించలేదు. కూరగాయలు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద సర్దింది.

తర్వాత అంది, "సోమవారం పొద్దున నేను కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అదే ఆస్పత్రిలో మోకాళ్ళకీ చూస్తారు. నువ్వూ రా."

"దిగగలను. ఎక్కడమే కష్టం" అన్నాను.

"నేనుంటానుగా. సంచీ నాకివ్వు. మూడుసార్లు ఆగుతావు, ఆగు. నాకేం తొందర లేదు."

ఆయన కిటికీలోంచి ఇటు తిరిగారు. ఇద్దరూ నా వైపు చూస్తున్నారు. బాగానే ఉన్నాను అనే మాట అలవాటుగా పెదాల దాకా వచ్చింది, మింగేశాను.

"మూడు కాదు" అన్నాను. "నాలుగు. రెండో అంతస్తు దాటాక ఇంకోసారి. అక్కడ కాసేపు కూర్చోవాలి కూడా."